ముందు వరసలో తువ్వాలు

శేషగిరి వస్తానని ఫోన్ చేసినప్పుడే వద్దని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. పైగా కాఫీపొడి అయిపోయిందని గుర్తొచ్చి అంగడికి మనిషిని పంపాను. ముందు గదిలో కుర్చీలు తుడిచాను. ఆ పని చేస్తున్నంతసేపూ నా మీద నాకే ఒళ్ళు మండుతూ ఉండింది. హిందూపురానికీ పెనుకొండకూ ఎంత దూరమని? రైలెక్కితే ఒక కునుకు తీసేలోపల దిగొచ్చు. ఆ కాస్త దూరం రావడానికి ఆయనకు ఇన్నేళ్ళు పట్టింది. వచ్చింది కూడా నన్ను చూడాలని కాదు, తన పని పడి. కారు వీధి మొదట్లోనే ఆపించి, స్వీటు పెట్టె డ్రైవర్ చేతికిచ్చి, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ నడిచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది. అట్లా చూస్తే ఎవరికైనా అయ్యో అనిపించాలి. నాకు అనిపించలేదు.

"బాగుండావా పద్మా" అన్నాడు, నిన్న సాయంత్రం విడిపోయినట్టు. ఒకప్పుడు ఆయన్ను నోరారా శేషగిరన్నా అని పిలిచేదాన్ని. ఇప్పుడు ఆ పిలుపు నోటికి రాలేదు, రప్పించడానికి నేనూ ప్రయత్నించలేదు. కూర్చోమని చెయ్యి చూపించాను. కాఫీ తాగాడు, పెనుకొండ ఎంత మారిపోయిందో అన్నాడు, కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అద్దెలు పెరిగాయా అని అడిగాడు. నా అద్దెల సంగతి ఆయనకెందుకు. మెల్లగా అసలు సంగతికి వచ్చాడు.

"మన నేటినాదానికి పిల్లోళ్ళు పండగ చేస్తాండారు. మొదలుపెట్టినోళ్ళలో మిగిలింది మనిద్దరమే. నువ్వొచ్చి స్టేజీ మీద కూర్చోవాల."

"శాలువా కప్పుతారా?"

"ధర్మవరం పట్టుది. మంచిది తెప్పించినారు."

"నేను ధర్మవరంలో పుట్టినదాన్ని. పట్టు కప్పించుకోడానికి హిందూపురం రావల్లనా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. కప్పు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఇంకా మెల్లగా చెప్పాడు. బెంగళూరులో డాక్టర్లు గుండె బాగా నీరసించిందన్నారట. ఆపరేషన్‌కు తట్టుకోదన్నారట. "పోయేదానికి భయం ల్యా పద్మా. నేను పోతే నా పాటలన్నీ ఆ రోజే ఆగిపోతాయి. మన రూలు ఉండాది కదా, బతికుండేటోళ్ళవే వాయించల్లని. పిల్లోళ్ళు నాకంటే గట్టిగా పట్టుకున్నారు దాన్ని. అడిగితే, మొదలుపెట్టినోళ్ళు ఇద్దరూ సరేనంటే మారుస్తాం సార్ అంటారు. నువ్వొక మాట చెప్తే చాలు."

నేను నవ్వాను. అది మంచి నవ్వు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ రూలు గురించి నన్ను అడగడానికి ఆయనకు నోరెట్లా వచ్చిందో చెప్పాలంటే, ఆ రూలు ఎట్లా పుట్టిందో, దేన్ని చంపిందో చెప్పాలి.

నేటినాదం అంటే ఇప్పుడు పోస్టర్లు, లైట్లు, తెల్ల కుర్తాల పిల్లలు. మా కాలంలో నాలుగు వాయిద్యాలు, నలుగురు మనుషులు. పాడేవాళ్ళు లేరు. నాది వయొలిన్, శేషగిరిది వీణ, అమరాపురం నాగరాజుది మృదంగం, దేవదానానిది క్లారినెట్టు. కచేరీల్లో మాదిరి ఒకరు ముందు కూర్చొని, మిగిలినవాళ్ళు పక్కవాద్యమని ఒదిగి కూర్చోవడం ఉండేది కాదు. నలుగురం ఒకరికొకరం ఎదురుగా చదరంగా కూర్చునేవాళ్ళం, జనానికి కొందరి వీపులే కనిపించేవి. మా నలుగురి కోసమే కొత్తగా కట్టిన పాటలు తప్ప ఇంకేమీ వాయించేవాళ్ళం కాదు. చిన్న గదిలో, కాస్తమంది ముందర, మైకు లేకుండా. వీపులు చూడ్డానికి వచ్చామా అని లేచిపోయినవాళ్ళున్నారు. పోనీ అనుకునేవాళ్ళం. మాకు అప్పట్లో పొగరు బాగానే ఉండేది, అది లేకపోతే ఆ పని మొదలుపెట్టేవాళ్ళమే కాదు.

ధర్మవరంలో మా ఇల్లంటే ఒక మగ్గం, దాని చుట్టూ మిగిలిన స్థలంలో మేము. తెల్లవారేసరికి పెరట్లో పట్టు ఉడుకుతూ ఉండేది. ఆ వాసన తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. సబ్బు, తడిసిన కోడి ఈకలు కలిపి ఉడికించినట్టు ఉంటుంది. నా లంగాలకు, పుస్తకాలకు, చివరికి వయొలిన్ పెట్టెకు కూడా అదే వాసన. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు, వాళ్ళ అక్కల పెళ్ళిళ్ళకు మాత్రం ఆ పట్టే కావాలి. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే మధ్యాహ్నం సంగటి పొద్దుకు గానీ పైకి వచ్చేవాడు కాదు. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, తినేసి మళ్ళీ గుంతలోకి. మాట తక్కువ. నేను వయొలిన్ పట్టుకుంటే వద్దనలేదు, బాగుందనీ అనలేదు. మగ్గం ఉన్న గదిలోనే సాధన చేసుకోవాలి, వేరే గది లేదు. మగ్గం దెబ్బ పడినప్పుడల్లా వయొలిన్ మీద నా కమాను తెలియకుండానే ఆ దెబ్బకే తిరిగేది. హైస్కూల్లో సంగీతం నేర్పిన అయ్యవారు ఆ అలవాటు మాన్పించడానికి నా మోచేతి మీద స్కేలుతో కొట్టేవాడు. మానలేదు.

అవ్వ గురించి కూడా చెప్పాలి. మగ్గం మీది నిలువు దారాల పడుగు అయిపోవచ్చినప్పుడు పాత దారాల కొసలను మగ్గంలోనే వదిలి, ఒక్కొక్క కొసకూ కొత్త దారం పురిపెట్టి అతకాలి. మా ఇంట్లో ఆ పని అవ్వది. బూడిద గిన్నె పక్కన పెట్టుకొని, వేళ్ళు బూడిదలో అద్దుకుంటూ, రోజంతా మగ్గం మీదికి వంగి కూర్చునేది. నేటినాదం సంగతి విన్నప్పుడు కూడా ఆ పనిలోనే ఉంది. "సచ్చిపోయినోళ్ళవి వాయించరంటనే? నీకు అయ్యవారు నేర్పించింది ఎవరిదే మల్ల? ఈ కొసలన్నీ కోసి పారేస్తే కొత్త పడుగు యాడ అతుకుతావు?" అంది. "మాది మగ్గం కాదవ్వా" అన్నాను. అవ్వ చెప్పిందే నిజమని ఈ వయసులో ఒప్పుకుంటానని ఎవరైనా ఎదురుచూస్తుంటే వాళ్ళకు నిరాశ తప్పదు. దేవదానం మా ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆయనకు కాఫీ వేరే గ్లాసులో పోసి, ఆ గ్లాసును తర్వాత పెరటి గోడ మీద బోర్లించింది కూడా ఆ అవ్వే. నాకు తల దువ్వి, కథలు చెప్పి, కడుపులో పెట్టుకొని పెంచింది. అయినా ఆమె మీద నా ప్రేమ ఆ గోడ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. దేవదానం ఆ గ్లాసును చూశాడు. రెండోసారి కాఫీ అడిగి మరీ తాగాడు.

దేవదానం గోరంట్ల వైపు పల్లె మనిషి. అమ్మానాయన కూలికి పోయేవాళ్ళు. చర్చిలో పాటలకు, పెళ్ళిళ్ళలో బ్యాండు సెట్టుకు క్లారినెట్టు వాయిస్తూ పెరిగి, పోస్టాఫీసులో ఉద్యోగం తెచ్చుకొని పెనుకొండలో ఉండేవాడు. అణకువగల మనిషని ఎవరూ అనలేరు. "నాలాంటోడు ఈ జిల్లాలో ఇంగ పుట్టడు" అని తానే చెప్పుకునేవాడు, బొరుగుల ఉగ్గాని తింటూ, మిరపకాయ బజ్జీ కొరుకుతూ. వాయించేటప్పుడు తప్పు చేస్తే బండబూతులే. ఒళ్ళు మండేది కానీ ఆయన కట్టింది వాయిస్తుంటే ఆ మంట ఎటుపోయేదో తెలిసేది కాదు.

ధర్మవరంలో ఏటా పెద్దవాళ్ళ కీర్తనలన్నీ అందరూ కలిసి పాడే ఆరాధన ఒకటి జరిగేది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని పేరు. దేవదానం తెల్లచొక్కా వేసుకొని క్లారినెట్టు తీసుకొని వచ్చి కూర్చున్నాడు. సభ పెద్దమనిషి ఒకాయన వంగి, ఆయన ముందున్న మైకు తీసి పక్కన పెట్టాడు. "ఊరేగింపులో వాయించుకునేది ఈడెందుకప్పా, ఈడ సంప్రదాయం ఉండాది" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదను నేను ఈ రోజుకూ మరిచిపోలేదు. పదిమందీ విన్నారు, పదిమందీ తాళం వేస్తూనే ఉన్నారు. నేను వెనక వరసలో ఆడపిల్లల మధ్య ఉన్నాను. వీణను గుడ్డ గవిసెనలో పెట్టుకొని, మొదటి వరసలోంచి మొదట లేచింది శేషగిరి. హిందూపురంలో కాలేజీ లెక్చరర్ కొడుకు, అందరూ గౌరవించే ఇంటి పిల్లవాడు. దేవదానం భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు. ఈ మాట రాయకపోతే నేను అబద్ధం రాసినట్టే. వాళ్ళ వెనకాల నేను లేచాను. నా వెనకాల నాగరాజు వచ్చాడు. ఎందుకొచ్చావని తర్వాత అడిగితే, టీ తాగాలనిపించింది అన్నాడు.

ఆ టీ బంకు దగ్గరే నేటినాదం పుట్టింది. దేవదానం టీ గ్లాసు పక్కన పెట్టాడు. "సచ్చిపోయినోళ్ళకు ఇంతమంది కావలి ఉండారు కదప్పా. మనం బతికుండేటోళ్ళకు ఉందాం. బతికుండేటోడు కట్టింది తప్ప ఇంగొకటి ముట్టుకోవద్దు" అన్నాడు. మేము ముగ్గురం సరేనన్నాం. అది సంగీతం గురించి వచ్చిన మాట కాదు, అవమానంలోంచి వచ్చిన మాట. ఆ సంగతి నలుగురికీ తెలుసు. ఇంకొక పద్ధతి కూడా ఆయనే పెట్టాడు. పాట కట్టినవాడు ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చోవాలి. వాయించడం అయ్యాక ఎవరైనా లేచి అతన్ని తిట్టవచ్చు, అడగవచ్చు, అతను జవాబు చెప్పాలి. "పోయినోళ్ళను ఎవరు అడుగుతారు? మనల్ని అడగనీ" అనేవాడు. తీరా చూస్తే పాటలు కట్టేది ఎక్కువగా తానే, వాయించేవాళ్ళలో కూడా తానే. అందుకని తన ఎర్రగళ్ళ తువ్వాలును ఆ మధ్య కుర్చీ మీద వేసి వచ్చి మా మధ్య కూర్చునేవాడు. ఆ తువ్వాలు ఉన్న కుర్చీలో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

మేము కలిసేది పెనుకొండలో. ధర్మవరం నుంచి నేను, హిందూపురం నుంచి శేషగిరి, నాగరాజు, ఎదురెదురు ప్యాసింజర్లలో వచ్చి దిగేవాళ్ళం. చర్చి వెనక బడి గది ఆదివారం ప్రార్థన అయ్యాక ఖాళీగా ఉండేది. దేవదానం ఏదీ రాసి ఇచ్చేవాడు కాదు. ఎవరి భాగం వాళ్ళకు, వాళ్ళ ఊరికి వెళ్ళి, నోటితో పాడి నేర్పేవాడు. నా భాగం నేర్పడానికి మా ఇంటికి వచ్చి మగ్గం గుంత అంచున నాయన పక్కనే కూర్చునేవాడు. శేషగిరి భాగం నాకు తెలియదు, నా భాగం శేషగిరికి తెలియదు. ఆదివారం పెనుకొండలో నలుగురం కూర్చున్నప్పుడే ఆ పాట ఏమిటో మాకు మొదటిసారి తెలిసేది. ముందే అంతా తెలిస్తే ఒకరి మాట ఒకరు వినరని ఆయన లెక్క. తన క్లారినెట్టు భాగం మాత్రం ఎవరికీ పాడి వినిపించలేదు, అది ఆయన ఊపిరిలో ఉండేది.

ఆయన కట్టిన చివరి పాటకు జంక్షన్ అని పేరు పెట్టాడు. ధర్మవరం స్టేషన్‌లో బండి బండి కోసం కాచుకొని నిలబడుతుంది కదా, ఆ కాచుకోవడాన్ని కట్టాడు. నా భాగం నేర్పుతూ మధ్యలో ఆపి, నాయన మగ్గాన్ని, నా చేతిని మార్చి మార్చి చూశాడు. "నీ కమానులో మగ్గం ఉండాది. ఎవరు చెప్పినా దాన్ని తీసెయ్యొద్దు. నాకు కావాల" అన్నాడు. అయ్యవారు స్కేలుతో కొట్టి పోగొట్టాలనుకున్నదాన్ని ఆయన అడిగి తీసుకున్నాడు. మగ్గం మీద నాయన చేతులు ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ ఆడాయి. నా సంగీతం గురించి నాయన చెప్పింది ఏదైనా ఉందంటే అదే.

జంక్షన్‌ను మేము పెనుకొండ గదిలో కొన్ని ఆదివారాలు వాయించాం. శేషగిరి వాళ్ళింట్లో టేప్ రికార్డర్ ఉండేది, తెస్తానన్నాడు. దేవదానం ఒప్పుకోలేదు. "పచ్చిగా ఉండాది, అప్పుడే వద్దు" అన్నాడు. హిందూపురంలో దాన్ని మొదటిసారి జనం ముందు వాయించాలని హాలు మాట్లాడాం. అంతలో ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఆకు పసరు పోశారు, అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు, కామెర్లు ముదిరిపోయాయన్నారు. ఎండాకాలం ఇంకా పూర్తికాకముందే పోయాడు. వాళ్ళ అమ్మ క్లారినెట్టును శవపెట్టెలో ఆయన పక్కనే పెట్టింది. ఆయనతో వాయించిన బ్యాండు సెట్టువాళ్ళు సమాధి దాకా వాయిస్తూ వచ్చారు. ఆరాధన పెద్దమనుషులు ఒక్కరూ రాలేదు.

హిందూపురం కచేరీ ఆపవద్దని ముగ్గురమూ అనుకున్నాం. ఏం వాయించాలనే దగ్గర మాట తేడా వచ్చింది. జంక్షన్‌నే వాయిద్దాం, క్లారినెట్టు వచ్చే తావుల్లో ఖాళీ వదిలేద్దాం అన్నాను. శేషగిరి ఒప్పుకోలేదు. "రూలు పెట్టింది వాడే పద్మా. వాని మాటను వాని దగ్గరే తప్పిద్దామా?" అన్నాడు. ఆ రూలు ఎందుకు పుట్టిందో నీకు తెలియదా, ఆ పొద్దు వాని భుజం మీద చెయ్యేసింది నువ్వు కాదా అని అరిచాను. నాగరాజు మృదంగం మూత తుడుస్తూ, "ఇద్దరు చెప్పేదీ సరిగ్గానే ఉండాది కదప్పా" అన్నాడు. ఆ మనిషి కూడా పోయాడు ఈ మధ్య. మంచివాడే, కానీ ఆ మాటకు నేను ఆయన్ను ఎప్పటికీ మెచ్చుకోలేను.

ఏం వాయించాలో తేలకుండానే కచేరీ రోజు వచ్చింది. ఆ సాయంత్రం నేను అందరికంటే ముందు హాలుకు వెళ్ళాను. చివరి ఆదివారం దేవదానం పెనుకొండ గదిలో మరిచిపోయిన ఎర్రగళ్ళ తువ్వాలు నా దగ్గరే ఉంది. దాన్ని ముందు వరసలో మధ్య కుర్చీ మీద పరిచాను. ఇంక వాయించక చస్తాడా అనుకున్నాను. జనం వచ్చారు, ఆ కుర్చీని వదిలి అటూ ఇటూ కూర్చున్నారు. మేము శ్రుతి చేసుకుంటున్నాం. శేషగిరి కుర్చీని చూశాడు. వీణ పక్కన పెట్టి, స్టేజీ దిగి వెళ్ళి, ఆ తువ్వాలును తీసి, ఎంతో జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "రూలు రూలే పద్మా" అన్నాడు, నెమ్మదిగా, మర్యాదగా. మైకు తీసిన పెద్దమనిషి గొంతే అది. తర్వాత తన భుజం మీది తువ్వాలును తీసి ఆ కుర్చీ మీద వేసి వచ్చాడు. జంక్షన్ బదులు, మాకు ముందే వచ్చిన తన పాట ఒకటి వాయించాలని ఆయన తీర్మానించుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

వయొలిన్‌ను పెట్టెలో పెట్టాను. జనం చూస్తుండగా స్టేజీ దిగి, హాలు దాటి, స్టేషన్‌కు నడిచాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత నేటినాదం పెరిగింది, పేపర్లలో వచ్చింది, బెంగళూరు వెళ్ళింది, కొత్త కొత్తవాళ్ళు పాటలు కట్టారు. శేషగిరివే ఎక్కువ. బాగుంటాయని విన్నాను. నేను వినలేదు. పెనుకొండ బడిలో పిల్లలకు తెలుగు చెప్పుకుంటూ రిటైరయ్యాను. చర్చి వెనక గది పడగొట్టి ట్యూషన్ సెంటర్ కట్టారు, దాని ముందు నుంచి పోయినప్పుడల్లా కోపం వస్తుంది, పిల్లలేం పాపం చేశారని మళ్ళీ నన్ను నేనే తిట్టుకుంటాను. ధర్మవరంలో మా ఇంట్లో ఇప్పుడు కరెంటు మగ్గాలు. పట్టు ఉడికే వాసన లేదు. ఆ చప్పుడులో తాళానికి తావు లేదు. అప్పుడంతా బాగుండేదని చెప్పేవాళ్ళంటే నాకు పడదు. అప్పుడు వేరే గ్లాసులు ఉండేవి. ఇప్పుడు వేరే గ్లాసులు లేవు, మర్యాదలు మాత్రం అట్లాగే ఉన్నాయి. నా లెక్కలో ఒకటే తేడా. అప్పుడు ఒకడు ఉన్నాడు, ఇప్పుడు లేడు. వాడు కట్టింది కూడా లేకుండా పోయింది.

ఇదంతా పెట్టుకొని వచ్చి, నేను పోతే నా పాటలు ఆగిపోతాయి అంటున్నాడు నా ఎదురుగా కూర్చొని.

"చెప్పను" అన్నాను. "మంచి రూలు అది. నీకూ ఉండనీ."

ఆయన తల ఊపాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. అప్పుడు నాకు కసి పుట్టింది. ఏం పోగొట్టాడో ఆయన చెవులతోనే వినాలనిపించింది. లోపలికి వెళ్ళి వయొలిన్ తెచ్చాను, శ్రుతి చేశాను. జంక్షన్‌లో నా భాగం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ వాయించలేదు గానీ, తలుపేసుకొని వాయించని వారం లేదు. వేళ్ళు ముసలివయ్యాయి, మగ్గం మాత్రం పోలేదు. వీణ అందుకోవాల్సిన తావు దాకా వచ్చి ఆపాను. చూశావా, ఇక్కడ ఏమీ లేదు అని చెప్పడానికే ఆపాను.

శేషగిరి అందుకున్నాడు. వీణ లేదు, గొంతు కూడా సరిగ్గా లేదు. కుర్చీ చేతి మీద వేళ్ళు మీటుతూ, స్వరాలు పాడుతూ, ఒక్క చోట తడబడకుండా తన భాగమంతా చెప్పాడు. నాకు తెలిసిపోయింది. ఈ మనిషి కూడా తలుపేసుకొని వాయించుకుంటూనే ఉన్నాడు. జాలి పుట్టలేదు. అంతకుముందు కంటే ఎక్కువ కోపం వచ్చింది. మరిచిపోయి ఉంటే ఏదో ఒకనాటికి వదిలేసేదాన్నేమో. అంతా గుర్తుపెట్టుకొని, ఒక్కరికీ వినిపించకుండా ఉంచుకున్నాడు.

తర్వాత క్లారినెట్టు వచ్చే తావు. అక్కడ దేవదానం ఏం వాయించేవాడో నాకూ పూర్తిగా రాదు, ఆయనకూ రాదు. ఇద్దరం ఆగాం. నేను తొడ మీద తాళం వేస్తున్నాను, ఆయన కుర్చీ చేతి మీద వేస్తున్నాడు. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండానే, ఆ ఖాళీ అయిపోయిన చోట, ఇద్దరం ఒకే దెబ్బ మీద మళ్ళీ ఎత్తుకున్నాం. చివరి దాకా వెళ్ళాం. ఖాళీ వచ్చిన ప్రతిసారీ అట్లాగే ఆగాం.

అయ్యాక ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ పొద్దు నువ్వు చెప్పినట్ల ఖాళీలు వదిలేసి వాయించింటే సరిపోయేది పద్మా" అన్నాడు.

"సరిపోయేది" అన్నాను.

లోపలి గదిలో పెట్టె తెరిచి ఎర్రగళ్ళ తువ్వాలు తెచ్చాను. ఆ సాయంత్రం ఆయన పెట్టిన నాలుగు మడతలు అట్లాగే ఉన్నాయి, నేను విప్పలేదు. మడతల దగ్గర రంగు వెలిసిపోయి గీతలు పడింది. ఆయన చేతిలో పెట్టాను. ఎవరిదని అడగలేదు, గుర్తుపట్టాడు. నీరసంగా లేచి, ఒక్కొక్క మడతా విప్పి, మా ఇద్దరికీ ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ మీద దాన్ని పరిచాడు. మళ్ళీ వచ్చి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"వస్తా నీ పండక్కి" అన్నాను. "శాలువా వద్దు. పిల్లోళ్ళకు వీణది నువ్వు నేర్పు, వయొలిన్‌ది నేను నేర్పుతా. మొదట ఇది వాయించాల. ఆ తర్వాత నువ్వడిగిన మాట చెప్తా. నీ పాటలు దీని వెనకాల రానీ."

"నాగరాజుది కూడా పోయింది కదా. ఆ ఖాళీల్లో ఏం పెడదాం? ఎవరితోనన్నా కొత్తగా కట్టిద్దామా?"

"ఏమీ పెట్టొద్దు. తాళం వేసుకుంటా గమ్మునుండాల."

శేషగిరి కుర్చీ మీది తువ్వాలు వైపే చూస్తూ, "అంతసేపు ఉత్తగా జనం కూర్చుంటారా పద్మా?" అని అడిగాడు.

"ఇన్నేళ్ళు నేను కూర్చోలేదా" అన్నాను.